శాంతినికేతనంలో నాలుగు రోజులు

గత సంవత్సరం ఏప్రిల్ నెలలో మేము ఆలుమగలం పశ్చిమ బెంగాల్‌లోని శాంతినికేతనం వెళ్లి వచ్చాము. మా అమ్మాయి అక్కడి కళాభవనంలో శిల్పవిద్య చదువుతూ ఆఖరి సెమిస్టరులో ఉంది. "నాన్నా, ఈ నెలలో నా బొమ్మలన్నీ వరుసగా పెట్టి అధ్యాపకులకు చూపించాలి. మీరూ అమ్మా వస్తే బాగుంటుంది" అని ఫోను చేసింది. నాలుగేళ్లలో మేము ఒక్కసారి కూడా వెళ్లలేదు. చార్జీలకు భయపడ్డాము, భాష రాదని భయపడ్డాము. నిజం చెప్పాలంటే ఆ చదువును గురించి మాకే లోపల కొంత బెరుకు ఉండేది.

ఆ బెరుకుకు కారణం ఉంది. అమ్మాయి ఆ చదువుకు వెళ్లిన కొత్తలో మా సంఘ పెద్ద ఒకాయన ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వేసుకునే వేళ మమ్మల్ని ఆపి, "ఏమండీ మాస్టారూ, మన పిల్ల విగ్రహాలు చేసే చదువు చదవడమేమిటి?" అన్నారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. మాకు మాత్రం నోట మాట రాలేదు. తరువాత మా అయ్యగారు మమ్మల్ని కూర్చోబెట్టి, ప్రత్యక్ష గుడారపు పని చేసిన బెసలేలును జ్ఞాపకం చేశారు. ఆ చేతిపని నైపుణ్యం కూడా దేవుడు ఇచ్చినదే గదా అన్నారు. మనసు కొంత కుదుటపడింది గాని, ఆ ప్రశ్న మాత్రం మాతోనే ఉండిపోయింది. రైలెక్కినప్పుడు కూడా అది మా సంచిలోనే ఉంది.

అమ్మాయికి ఈ ధ్యాస పట్టింది మా రాజమండ్రిలోనే. ఏడవ తరగతిలో బడి పిల్లలతో పాటు దామెర్ల రామారావు గారి చిత్రశాలకు తీసుకువెళ్లాము. రామారావు గారు 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదవ ఏట మశూచితో కన్నుమూశారు. రాజమండ్రి ఆర్ట్సు కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ఆయన చేతిపని చూసి బొంబాయి జె.జె. స్కూలుకు పంపించారు. ఒక పెద్దమనిషి నిలబడి శ్రద్ధగా చూడబట్టి ఒక గోదావరి కుర్రవాడు చిత్రకారుడయ్యాడు. ఆ రోజు మిగతా పిల్లలు బయట చెట్టుకింద పులిహోర తింటుంటే మా అమ్మాయి లోపలే ఉండిపోయింది.

రాజమండ్రిలో హౌరా రైలెక్కి, హౌరాలో దిగి, మళ్లీ బండి మారి బోల్‌పూర్ చేరాము. హౌరా నుంచి సుమారు నూట యాభై కిలోమీటర్లు. స్టేషను బయట బ్యాటరీతో నడిచే చిన్న రిక్షాలు బారులు తీరి ఉన్నాయి. వాటిని అక్కడ టోటోలంటారు. ఎర్రమట్టి నేల, తాటిచెట్లు, మేకలు, ఎండ. "మన మెట్ట ప్రాంతంలాగే ఉందండీ" అంది మా ఇంటావిడ. మధ్యాహ్నం అమ్మాయి మాకు అన్నమూ, గసగసాలు నూరి వేసిన బంగాళాదుంపల కూరా పెట్టించింది. మన ఇళ్లలో మసాలాకు చిటికెడు వాడే గసగసాలతో ఇంత కూరా అని మా ఇంటావిడ ఆశ్చర్యపోయింది.

రవీంద్రనాథ్ ఠాగూరు గారు 1901లో ఇక్కడ చిన్న బడి పెట్టారు. 1921లో అది విశ్వభారతి అయింది. 1951లో కేంద్ర విశ్వవిద్యాలయమయింది. 2023 సెప్టెంబరులో యునెస్కో వారు శాంతినికేతనాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. కళాభవనం 1919లో మొదలయింది. దాన్ని తీర్చిదిద్దినవారు నందలాల్ బోసు గారు. మన రాజ్యాంగం మూలప్రతి పుటలను బొమ్మలతో అలంకరించింది ఆయనా, ఆయన శిష్యులూను. మన తెలుగువారికీ ఈ చోటు కొత్త కాదు. ఓరుగల్లు ప్రాంతం నుండి వచ్చిన కొండపల్లి శేషగిరిరావు గారు ఇక్కడకు వచ్చి నందలాల్ గారి దగ్గర నేర్చుకున్నారు.

ఇక్కడ విద్యార్థులు అధ్యాపకులను సార్ అని, మేడం అని పిలవరు. పేరుకు చివర 'దా' అనో 'ది' అనో చేర్చి పిలుస్తారు. మనం అన్నయ్య, అక్క అన్నట్లు. బడిపంతులు ఉద్యోగం చేసిన మాకు ఇది మొదట వింతగా తోచింది.

మంగళవారం ఉదయం బొమ్మలు చూసే కార్యక్రమం. శిల్పశాఖ ఆవరణలో చెట్ల నీడన, షెడ్డుల్లో ఎవరి పని వారు పెట్టుకున్నారు. ఆరేడుగురు విద్యార్థులు, ముగ్గురు అధ్యాపకులు. మమ్మల్ని దూరంగా ఒక గట్టు మీద కూర్చోమన్నారు. మాటలు బెంగాలీలో, ఇంగ్లీషులో సాగాయి. మాకు కొంత అర్థమయింది, మిగతాది అమ్మాయి రాత్రి చెప్పింది.

పద్ధతి ఇది. విద్యార్థి తన పని పక్కన నిలబడి తానేమి చేయదలచాడో చెప్పాలి. తోటివారు చుట్టూ తిరిగి చూసి తమకు తోచింది చెబుతారు. చివర అధ్యాపకులు. ఒక అబ్బాయి ఇటుకబట్టీ పనివాళ్లను చేశాడు. "ముందు నుంచి బాగుంది, వెనక నుంచి చూస్తే ఏమీ లేదు. నీ మనిషికి వీపు ఉండదా?" అని అడిగారు. ఇంకొకరిని, "ఈ మనిషి బరువు ఏ కాలి మీద ఉంది?" అని అడిగారు. ఆ పిల్లవాడు తానే అలా నిలబడి చూసుకొని, తల గోక్కున్నాడు. ఎవరూ నవ్వలేదు.

మా అమ్మాయి వంతు వచ్చింది. తడి గోనె తీసింది. మూడడుగుల మట్టి బొమ్మ. ఊడ్పులు ఊడుస్తున్న స్త్రీ. చూడగానే మా ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఆమే! మా జీతం చాలని రోజుల్లో ఆమె తెల్లవారుజామున ఊడ్పులకు వెళ్లి, పది గంటలకల్లా ఇంటికి వచ్చి వంట చూసుకునేది. అమ్మాయి నాలుగేళ్ల చదువు చివర చేసింది వాళ్లమ్మనే. బొమ్మ ముఖం కొంచెం పైకెత్తి చిరునవ్వుతో ఉంది. చేతులు నున్నగా, వేళ్లు సన్నగా ఉన్నాయి. మాకు ఎంతో అందంగా కనిపించింది. అందరూ మెచ్చుకుంటారని ఎదురుచూశాము.

ఒక అధ్యాపకురాలు బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగారు. తరువాత అడిగారు. "నాటువేసే మనిషి ఎటు చూస్తుంది?"

అమ్మాయి మాట్లాడలేదు.

"ఎడమచేతిలో నారు ఎలా పట్టుకుంటుంది? ఒక్కొక్క పిలకను ఏ వేలితో విడదీస్తుంది? ఈ వేళ్లు ఎప్పుడైనా నీటిలో నానాయా? నువ్వు మీ అమ్మను చేశానంటున్నావు. నాకు ఇందులో క్యాలెండరు బొమ్మ కనబడుతోంది."

ఆ మాట మాకు దూరానికే వినబడింది. ప్రియ పాఠకులారా, ఉన్నమాట చెబుతున్నాము, మా ముఖాలు మాడిపోయాయి. పన్నెండు వందల కిలోమీటర్లు వచ్చింది ఈ మాట వినడానికా అనిపించింది. లేచి వెళ్లిపోదామా అని కూడా అనుకున్నాము.

ఇంతలో ఆమె మా వైపు తిరిగి అమ్మాయిని ఏదో అడిగారు. అమ్మాయి మా దగ్గరకు వచ్చి, "అమ్మా, ఊడ్పు ఎలా ఊడుస్తారో ఒకసారి చూపించమంటున్నారు. నీకిష్టమైతేనే" అంది. మా ఇంటావిడ మొదట సిగ్గుపడి తల అడ్డంగా ఊపింది. తరువాత ఏమనుకుందో లేచి చీర కుచ్చెళ్లు పైకి దోపి, గట్టు పక్కన ఉన్న గడ్డి గుప్పెడు పీకి నారుకట్టలాగా ఎడమచేత పట్టుకుంది. ఆ ఎర్రమట్టి మీద నడుం వంచింది.

ఎడమ మోచేయి మోకాలి పైన ఆనింది. బొటనవేలు రెండేసి పరకలను ముందుకు తోసింది. కుడిచెయ్యి వాటిని అందుకొని నేలను తాకింది, పైకి లేచింది, మళ్లీ తాకింది. తల ఎత్తలేదు. ఒక వరుస అయిన తరువాత అడుగు వెనక్కి వేసింది. మళ్లీ వెనక్కి. ఊడ్పు మనిషి ముందుకు నడవదు గదా! పది నిమిషాలు అలా చేసింది. విద్యార్థులు ఎప్పుడు పుస్తకాలు తీశారో, అందరూ గబగబా బొమ్మలు గీస్తున్నారు. అధ్యాపకులూ గీస్తున్నారు. ముప్పై ఏళ్లు ఆమెతో కాపురం చేసి, ఆమె మోచేయి మోకాలికి ఆనుతుందన్న సంగతి మేము అంతకుముందు గమనించలేదు.

ఆమె లేచి నడుం పట్టుకుంటే, క్యాలెండరు బొమ్మ అన్న ఆ అధ్యాపకురాలే మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. అమ్మాయితో అన్నారు, "ఇంకా అచ్చు తీయలేదు, మంచిదయింది. మట్టి నీ మాట వింటుంది. పది రోజులుంది."

ఆ రాత్రి అమ్మాయి అన్నం సరిగా తినలేదు. చాలాసేపటికి, "వాళ్లన్నది నిజమే నాన్నా. నాకు ముందే తెలుసు" అంది. ఆమె అమ్మ కుడిచేతి చూపుడువేలు వంకర. కోతల్లో కొడవలి తెగి, సరిగా అతుక్కోలేదు. "ఆ వేలు చేస్తే అమ్మ చిన్నబుచ్చుకుంటుందేమోనని చేయలేదు. పగిలిన మడమలు కూడా చేయలేదు. అందంగా చూపించాలనుకున్నాను."

మా ఇంటావిడ తన చెయ్యి తాను ఒకసారి చూసుకుంది. "వేలు వంకరైతే మాత్రం నాది కాకుండా పోతుందా అమ్మా?" అంది. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మరునాడు బుధవారం. ఇక్కడ సంప్రదాయంగా వారపు సెలవు బుధవారం. అమ్మాయి మమ్మల్ని ఊరంతా తిప్పింది. మొదట రాంకింకర్ బైజ్ గారు 1938లో చేసిన సంతాల్ కుటుంబం దగ్గరకు తీసుకువెళ్లింది. రాంకింకర్ గారు బాంకురాలో ఒక బీద మంగలి కుటుంబంలో 1906లో పుట్టారు. చలువరాయి, కంచు కొనే స్తోమత లేక, కాళ్లకింద దొరికే ఎర్ర గులకరాళ్లను సిమెంటులో కలిపి ఈ బొమ్మ చేశారు. మగమనిషి భుజాన కావడి, ఆ కావడి బుట్టలో పిల్లవాడు, పక్కన భార్య, కుక్క. ఇల్లు వదిలి ఎక్కడికో పనికి పోతున్న సంసారం. మనిషికన్నా పెద్ద బొమ్మలు. మన పల్లెల నుండి వలస పోయే కుటుంబాలను చూసినవారికి ఈ బొమ్మను ఎవరూ వివరించనక్కరలేదు. వారి ముఖాల్లో జాలి అడగడం లేదు, నవ్వూ లేదు. నడుస్తున్నారు, అంతే. అమ్మాయి చాలాసేపు వారి పాదాల దగ్గర కూర్చుంది.

దగ్గరలోనే 1956 నాటి మిల్లు పిలుపు ఉంది. మిల్లు కూత విని ఇద్దరు సంతాల్ స్త్రీలు పరుగెడుతుంటారు. తడిచీరలు గాలికి ఎగురుతూ దారిలోనే ఆరుతుంటాయి. చీర ఆరేవరకు ఇంటిపట్టున ఆగే తీరిక లేని బ్రతుకు! మా ఇంటావిడ దాన్ని చూసి, "ఈయనెవరో ఆడవాళ్ల పొద్దుటి పూట చూసినాయనే" అంది.

హిందీ భవనంలో బినోద్ బిహారీ ముఖర్జీ గారు 1946-47లో గోడల పైభాగాన మధ్యయుగపు భక్తుల జీవితాలు చిత్రించారు. ఆయనకు పుట్టుకతోనే చూపు మందం. తరువాత ఉన్న కాస్త చూపూ పోయింది. అయినా కాగితాలు కత్తిరించి అతికిస్తూ, చేతితో తడుముకుంటూ పని చేస్తూనే ఉన్నారు. కళ్లున్న మేము ఇంట్లో మనిషి చేతివేలు చూడలేదే అనుకున్నాము.

చివరకు అద్దాల మందిరానికి వెళ్లాము. ఠాగూరు గారి తండ్రి దేవేంద్రనాథ్ గారి కాలంలో, 1891 నాటికి కట్టిన ప్రార్థనాస్థలం. చుట్టూ రంగు గాజు పలకలు, కింద పాలరాయి. లోపల ఏ విగ్రహమూ లేదు. బుధవారాలు ఇక్కడ ప్రార్థన జరుగుతుంది. డిసెంబరు 25న క్రీస్తు పుట్టుకను జ్ఞాపకం చేసుకుంటూ దీపాలు వెలిగించి పాటలు పాడతారు. దీనబంధు సి.ఎఫ్. ఆండ్రూస్ గారు 1914 నుండి ఈ ఊరినే తన ఇల్లు చేసుకున్నారు. మాకు మా సంఘ పెద్ద ప్రశ్న గుర్తుకువచ్చింది. ప్రార్థన చేసే చోట ఒక్క బొమ్మ లేదు. బొమ్మలున్న చెట్లకింద ఎవరూ మొక్కడం లేదు. అక్కడ మనుషులు మనుషులను చూడడం నేర్చుకుంటున్నారు. నాలుగేళ్లుగా మా సంచిలో మోసిన ప్రశ్నను అక్కడ దింపుకున్నాము.

అమ్మాయి మరొక సంగతి చెప్పింది. గోవాకు చెందిన ఏంజెలో డ ఫోన్సెకా అనే క్రైస్తవ చిత్రకారుడు (1902-1967) ఇక్కడే నేర్చుకున్నారు. ఆయన మరియమ్మను చీరకట్టులో మన స్త్రీలాగా చిత్రిస్తే స్వంత ఊరివారికి నచ్చలేదు. ఆయన పూణె చేరి అక్కడి ఆశ్రమంలో ఉంటూ చివరివరకూ అలాగే చిత్రించారు. "విమర్శ అంటే ప్రతిదానికీ తల ఊపడం కాదు నాన్నా. ఏది నిజమో నిలబడి చూసుకోవాలి. దిద్దుకోవలసింది దిద్దుకోవాలి, నిలబడవలసిన చోట నిలబడాలి" అంది. ఇరవై రెండేళ్ల పిల్ల మాట!

గురువారం పొద్దున్నే అమ్మాయి బొమ్మను మళ్లీ మొదలు పెట్టింది. మట్టి బొమ్మ లోపల ఇనుపకడ్డీల గూడు ఉంటుంది. పై మట్టి గీకివేసి, కడ్డీని వంచి, ఎడమ మోచేతిని మోకాలి మీదకు తెచ్చింది. తల కిందికి దించింది. ముఖం ఇక పక్కకు వంగి చూస్తే తప్ప కనబడదు. ఎన్ని రోజులు కష్టపడి చేసిన చిరునవ్వు అది! తీసివేసేటప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరువాత తీసేసింది. వాళ్లమ్మ ఎదురుగా పీట మీద కూర్చొని చెయ్యి చాపింది. సాయంత్రానికి ఆ వంకర వేలు మట్టిలోకి వచ్చింది.

అచ్చు తీసే విధానం కూడా అడిగి తెలుసుకున్నాము. మట్టి బొమ్మ మీద పోసే ప్లాస్టరు మొదటి పూతలో బట్టలకు పెట్టే నీలిమందు కలుపుతారు. దాని మీద తెల్ల ప్లాస్టరు మందంగా వేస్తారు. గట్టిపడ్డాక మట్టి తీసివేసి, ఆ గుల్లలో సిమెంటు నింపుతారు. ఆరిన తరువాత పై ప్లాస్టరును ఉలితో కొట్టుకుంటూ రావాలి. తెలుపు పోయి నీలం కనబడిందంటే చెయ్యి నెమ్మదించాలి, లోపల బొమ్మ ఉంది. అది విన్నప్పుడు మాకు మా ఎర్రసిరా కలం గుర్తుకువచ్చింది. ముప్పై ఏళ్లు పిల్లల నోటు పుస్తకాల్లో ఇంటూ గుర్తులు పెట్టాము. తప్పు కనిపెట్టడంలో మాకు లోటు లేదు. కాని ఇంటూ పెట్టిన తరువాత ఆ పిల్లవాడి పక్కన కూర్చొని, "ఇది ఎలా చేశావురా, చూపించు" అని ఎందరిని అడిగాము? నీలం ఎక్కడ మొదలవుతుందో చూసుకోకుండా ఎన్నిసార్లు ఉలి వేశామో!

శుక్రవారం తిరుగు రైలెక్కాము. బొమ్మ పూర్తికావడం చూడలేదు. ఇరవై రోజుల తరువాత అమ్మాయి ఫోటో పంపింది. బూడిదరంగు సిమెంటులో నడుం వంచిన మనిషి, మోకాలికి ఆనిన మోచెయ్యి, పగిలిన మడమలు. మేము దాన్ని సంఘ పెద్దగారికి చూపించాము. ఆయన కళ్లజోడు పెట్టుకొని ఫోను దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూశారు. ఆయన భార్య కూడా ఊడ్పులు ఊడ్చిన మనిషే. "అమ్మాయి బాగా చూసిందండీ" అన్నారు. విగ్రహం అన్న మాట ఎత్తలేదు.

తల్లిదండ్రులారా, మన పిల్లలు కుట్టుపని నేర్చుకున్నా, కంప్యూటరు నేర్చుకున్నా, ఆరాధనలో పాట పాడినా మనం రెండే మాటలు అంటాము. బాగుంది, లేదా బాగాలేదు. రెంటికీ కళ్లు తెరిచి చూడనక్కరలేదు. ఆ అధ్యాపకురాలు మా పిల్ల పనిని మాకంటె శ్రద్ధగా చూశారు కనుకనే ఆ మాట అనగలిగారు. అన్న తరువాత వదిలి వెళ్లలేదు. దిద్దుకునే దారి చూపి, మంచినీళ్లు కూడా తెచ్చి ఇచ్చారు.

ఆఖరి పరీక్ష రోజు సాయంత్రం ఫోను మోగింది. ఇదివరకైతే మా ఇంటావిడ, "బాగుందన్నారా?" అని అడిగేది. ఈసారి, "ఏమన్నారమ్మా?" అంది.

అమ్మాయి నవ్వింది. "చేతులు కుదిరాయన్నారు. వీపు మీద ఇంకా పని ఉందన్నారు."

"ఉంటుంది మరి" అంది మా ఇంటావిడ. "ఊడ్పుల్లో ముందు నొప్పి పుట్టేది వీపే. ఈసారి వచ్చినప్పుడు చూద్దువుగాని."